మీరు వెతుకుతున్న దీవి హషిమా

టీవీ డాక్యుమెంటరీలో చూసిన, మనుషుల్లేని ఆ చోటు ఏదని అడిగారు కదా. సముద్రం మధ్య కాంక్రీట్ అపార్ట్‌మెంట్లు, మనుషులు వెళ్లిపోయి 35 ఏళ్లు అన్న వ్యాఖ్యానం... మీరు చెప్పిన ఈ రెండు గుర్తులూ చాలండీ. అది చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ఖాళీ అయిన ప్రిప్యాత్ నగరం కాదు, ఆ ఊరి పక్కన సముద్రమే లేదు. జపాన్‌లో నాగసాకి దగ్గరున్న హషిమా దీవి. మీరు చూసింది హిస్టరీ ఛానెల్ వారి ‘లైఫ్ ఆఫ్టర్ పీపుల్’ 2009 సిరీస్‌లో మొదటి ఎపిసోడ్ అయ్యుండాలి. 1974లో బొగ్గు గని మూతపడగానే జనం ఖాళీ చేశారు, 35 ఏళ్ల లెక్క అక్కడిదే.

కాంక్రీట్ అంత త్వరగా ఎందుకు పాడైందని అడిగారు కదా. అసలు జబ్బు లోపలి ఇనుప కడ్డీలది. సముద్రపు తుంపరల్లోని ఉప్పు సన్నని పగుళ్లలోంచి కడ్డీల దాకా చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పైనున్న కాంక్రీట్ పెచ్చులుగా ఊడిపోతుంది. దాంతో కడ్డీ ఇంకా బయటపడి, మరింత వేగంగా తుప్పు పడుతుంది. మనుషులుంటే పగుళ్లు పూడ్చేవారు. అక్కడ ఆ పని చేసేవాళ్లు లేరు. పైగా కొన్ని భవనాలు బాగా పాతవి, ఒకటైతే 1916 నాటిది.

మళ్లీ చూసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొరియన్లు, చైనీయుల చేత ఆ గనిలో బలవంతంగా పని చేయించారు. శిథిలాల అందం చూపించే కార్యక్రమాలు ఆ మనుషుల గురించి కూడా చెప్పి తీరాలి. నాకు ఆ గోడలకన్నా అదే ముఖ్యం.

ఎపిసోడ్ పేరు ‘ది బాడీస్ లెఫ్ట్ బిహైండ్’. ఆ పేరుతోనే వెతకండి.