సాక్ష్యం చెప్పమంటే నోరు పెగలడం లేదు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లె మాది. మా అత్తగారికి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. కుడి పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. స్నానం, అన్నం, పక్క మార్చడం అన్నీ నేనే. మా ఆయన కిరాణా కొట్టు చూసుకుంటారు. మరిది హైదరాబాద్‌లో ఉంటాడు. క్రిస్మస్‌కి వచ్చి రెండు రోజులుండి వెళ్తాడు. పెరట్లో నాలుగు పాదులు పెట్టుకున్నాను, నాకు ఊపిరాడేది అక్కడే. అదీ ఈ ఏడు కలిసి రాలేదు. బీరపాదు నిండా పూలే గానీ పిందె నిలవడం లేదు. వచ్చే నెల మా చర్చిలో కోత పండుగ. స్త్రీల కూడికలో పాస్టరమ్మగారు "ఇంత సేవ చేసే కృప దేవుడు నీకిచ్చాడు, పండుగలో లేచి దేవుడి మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. నాకు లోపల స్తుతి లేదు. ఒక రాత్రి అత్తగారి పక్కబట్టలు మారుస్తూ "తండ్రీ, ఈమెను తీసుకుపో" అనుకున్నాను. అప్పటి నుంచి చర్చిలో ప్రభువు బల్ల, అదే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలన్నా భయమేస్తోంది. నా విశ్వాసం చచ్చిపోయిందా?

జవాబు: అమ్మా, ముందు ఆ రాత్రి సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. మంచం పట్టినవాళ్లకు ఏళ్ల తరబడి చేసేవాళ్లలో ఆ మాట మనసులో అనుకోనివాళ్లు తక్కువ. పైకి చెప్పరంతే. కన్నతల్లికి చేస్తూ అలా అనుకుని కుమిలిపోయిన కూతుళ్లు నా దగ్గరకు వస్తుంటారు. అది ఆమె మీద పగ కాదు, మీ ఒంట్లో ఓపిక అయిపోయిందని చెప్పే మాట. పైగా మీరు దాన్ని ప్రార్థనగానే అన్నారు. విశ్వాసం చచ్చినవాళ్లు "తండ్రీ" అని మొదలుపెట్టరు.

ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద కూలబడి, ఇక నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఉంది, మీకు తెలిసిందే. దూత వచ్చి ఆయనకు కృతజ్ఞత మీద ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టి మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. కొండ దగ్గరకు వెళ్లడం, దేవుడి స్వరం వినడం ఆ తర్వాతి ముచ్చట. ఇక 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో ఒక్క స్తుతి మాట కూడా ఉండదు. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. కాబట్టి బల్లకు దూరంగా ఉండకండి. మనసు మరీ తొలిచేస్తుంటే పాస్టర్‌గారితో విడిగా చెప్పుకోండి. పదిమంది కూర్చున్న కూడికలో వద్దు.

మీరు ఎన్ని గంటలు నిద్రపోతున్నారో మాత్రం రాయలేదు. పడక పుండ్లు రాకుండా సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చమంటారు, రాత్రుళ్లు కూడా. అంటే రెండేళ్లుగా మీకు కంటి నిండా నిద్ర లేదన్నమాట. స్తుతి ఎక్కడి నుంచి వస్తుంది? గాలి పరుపు వాడుతున్నారా? అది ఉంటే రాత్రి పూట పక్క మార్చే ఎడం కాస్త పెంచవచ్చేమో డాక్టర్ని అడగండి. పెంచవచ్చన్నా, కూడదన్నా, సగం రాత్రి మాత్రం మీ వారిది. పొద్దున్నే కొట్టు తెరవాలి కదా అంటారేమో. పొద్దున్నే వంటిల్లు తెరవాల్సింది మీరే కదా.

మరిది సంగతి. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన కేంద్ర చట్టంలో "పిల్లలు" అంటే ఎవరో రాసి ఉంది: కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు ఆ జాబితాలో లేదు. చట్టం కోడల్ని వదిలేసినా మన ఇళ్లు వదలవు! కోర్టుకెక్కమని చెప్పడానికి కాదు ఇదంతా. మరిదికి ఫోన్ చేయాల్సింది మీరు కాదు, మీ వారు. అది కూడా "మీ వదిన అలసిపోయిందిరా" అని నసుగుతూ కాదు, లెక్కగా మాట్లాడాలి. పగటి పూట ఆయాను పెట్టడానికి నెలకు ఇంత పంపు, లేదంటే ఏడాదికి రెండుసార్లు వచ్చి పదిహేనేసి రోజులు అమ్మ దగ్గర ఉండు. అన్న అడిగితే అది మాట, వదిన అడిగితే గొడవ. మన ఇళ్ల తీరు అంతే, ఇప్పటికిప్పుడు మారేది కాదు.

ఇక సాక్ష్యం. లేని సంతోషాన్ని లేచి చెప్పకండి. పాస్టరమ్మగారి మాటలో చెడు ఉద్దేశం లేదు కానీ, మీ మోతను కృప అని పిలిచేసరికి దాన్ని పంచుకోవాల్సిన అవసరం ఎవరికీ లేకుండా పోయింది. మెదక్ చర్చి గురించి విని ఉంటారు. 1914లో పని మొదలై, 1924లో సరిగ్గా క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. కరవు కాలంలో దాన్ని కట్టించిన మిషనరీ పాస్నెట్ దొర చుట్టుపక్కల జనానికి ఆ కట్టుబడిలోనే పని చూపించి అన్నం పెట్టాడు. ఆకలిగా ఉన్నవాళ్లకు ముందు ఏం కావాలో ఆ మందిరం కట్టించినవాళ్లకు తెలుసు. మీ చర్చి కూడా మీకు అంత బాకీ పడింది. పాస్టరమ్మగారితో ఇలా అనండి: "అమ్మగారూ, సాక్ష్యం తర్వాత చెప్తాను. వారానికి ఒక మధ్యాహ్నం మన కూడికలోంచి ఇద్దరు వచ్చి రెండు గంటలు మా అత్తగారి దగ్గర కూర్చుంటారా?" పరామర్శకు, ప్రార్థనకు వచ్చేవాళ్లు ఎలాగూ వస్తారు. వాళ్లందరికీ టీలు పెట్టేది కూడా మీరే అయి ఉంటుంది, నాకు తెలుసు. ఈ ఇద్దరికి మాత్రం పెట్టకండి.

పండుగకు ఒట్టి చేతులతో వెళ్లాలని కూడా లేదు. పెరట్లో కాసింది ఏదో ఒకటి పట్టుకెళ్లండి. గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు ముందు వరసలో పెట్టి, ఆరాధన అయ్యాక వేలం వేస్తుంటే, రెండు సొరకాయల కోసం పంతానికి పోయి పాట పెంచే సంఘ పెద్దల్ని చూసి ఎంత దిగులు మనిషైనా నవ్వుతుంది. చేత్తో ఇచ్చినది కూడా కృతజ్ఞతే. వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, చర్చికి తెచ్చిన పాత తరం ఆడవాళ్లు ఉన్నారు కదా. ఆ పిడికెడు తీసిన ప్రతిసారీ వాళ్లు పరవశించి ఉంటారనుకుంటున్నారా? అత్తతో మాట పడిన రోజు కూడా తీశారు, మొగుడి మీద అలిగిన రోజు కూడా తీశారు.

మేళ్లు లెక్కపెట్టుకోవడం వల్ల మనసుకు మంచిదన్న మాట నిజమే. 2003లో అమెరికాలో ఎమన్స్, మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థుల చేత వారానికోసారి ఐదు మంచి సంగతులు రాయించారు. చికాకులు రాసినవాళ్ల కంటే వీళ్లు తమ బతుకు బాగుందనుకున్నారు. అయితే ఇలాంటి అధ్యయనాలు చాలావాటిని కలిపి చూసి 2020లో మరో ఇద్దరు తేల్చిందేమంటే, దిగులు జబ్బుకు, ఆందోళనకు ఈ రాతలు చేసే మేలు స్వల్పమని. రాయాలనిపిస్తే వారానికోసారి రాసుకోండి. అనిపించకపోతే మానేయండి, దోషం లేదు.

సాయంత్రం ఒక్క గంట కొట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, మీ వారిని తల్లి మంచం దగ్గర కుటుంబ ప్రార్థన చేయమనండి. ఆమెకు చిన్నప్పటి నుంచీ వచ్చిన పాత కీర్తనలు పాడమనండి. కుడి పక్క పడిపోయి మాట పోయిందంటే సాధారణంగా దెబ్బ మెదడు ఎడమ వైపు తగిలి ఉంటుంది. అలాంటివాళ్లలో కొందరికి మాట రాకపోయినా పాటలోని పదాలు పలుకుతాయి. మనం చెప్పేది ఆమెకు చాలా వరకు అర్థమవుతుండవచ్చు కూడా. ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు ఉంటే ఒకసారి చూపించండి. రెండేళ్లయింది, ఇంకేం లాభమని వదిలేయకండి.

ఆ గంట మీరు ఇంట్లో ఉండకండి, పెరట్లోకి వెళ్లండి. బీరపూలు విచ్చుకునేది కూడా సాయంత్రమే. వెనక చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, లేనిది మగపువ్వు. మగపువ్వు కోసి ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. తేనెటీగలు తగ్గిన పెరళ్లలో పిందె నిలవకపోవడానికి ఎక్కువగా ఆడపువ్వుకు పుప్పొడి అందకపోవడమే కారణం. అక్కడ ప్రార్థించాలన్న నియమం పెట్టుకోకండి. వస్తే వస్తుంది.

ఒక్క సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. రెండు వారాలు దాటి ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, అన్నం సహించకపోయినా, ఏడుపు ఆగకపోయినా, అది విశ్వాసం లోపం కాదు, వైద్యం ఉన్న జబ్బు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు అత్తగారి మందుల చీటీ ఇంట్లోనే పెట్టి వెళ్లండి. ఆ పూట చెప్పాల్సింది మీ ఒంటి సంగతి, మీ నిద్ర సంగతి.