నీ విడాకులకు నువ్వు సాక్షివా?

ఉత్తరం: నాకు 34 ఏళ్లు. 2014లో పెళ్లయింది. రెండేళ్లు కాపురం చేశాను. ఆయన తాగొచ్చి కొట్టేవారు. 2017లో అన్నయ్య పెద్దమనుషులను కూర్చోబెట్టి స్టాంపు కాగితం మీద విడాకులు రాయించాడు. అప్పటినుంచి అన్నయ్య ఇంట్లోనే ఉంటూ ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నారు, ఒక బాబు కూడా ఉన్నాడు. ఇప్పుడు మా స్కూల్లోనే పనిచేసే ఒక మాస్టారు నన్ను పెళ్లి చేసుకుంటానంటున్నారు. ఆయన భార్య చనిపోయి నాలుగేళ్లయింది. అయితే విడాకుల కాగితాలు చూపించమన్నారు. స్టాంపు కాగితం ఫోటో చూపిస్తే ‘ఇది కాదు, కోర్టుది కావాలి’ అన్నారు. నన్ను అనుమానిస్తున్నారేమోనని బాధగా ఉంది. అన్నయ్యను అడిగితే ‘ఎప్పుడో అయిపోయిన దాన్ని మళ్లీ కోర్టుకెక్కించి పరువు తీస్తావా’ అని కోప్పడ్డాడు. విడాకుల రికార్డు ఏ ఆఫీసులో దొరుకుతుంది? పంచాయతీ ఆఫీసా, రిజిస్ట్రారు ఆఫీసా? అన్నయ్యకు తెలియకుండా తెచ్చుకోవచ్చా?

జవాబు: అమ్మా, నా కూతురి ఈడుదానివి, నువ్వు అనే అంటాను.

రికార్డు ఏ ఆఫీసులో దొరుకుతుందని అడిగావు. ఏ ఆఫీసులోనూ దొరకదు. లేనిది ఎక్కడని దొరుకుతుంది? పంచాయతీకి విడాకులిచ్చే అధికారం లేదు. రిజిస్ట్రారు పెళ్లిని నమోదు చేస్తాడే గానీ రద్దు చేయడు. నోటరీ ముద్ర కొట్టించినా, వందమంది పెద్దలు వేలిముద్రలు వేసినా, 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద మీ పెళ్లిని విడదీయాల్సింది కోర్టే. కొన్ని కులాల్లో పెద్దల ముందు తెగతెంపులు చేసుకుని మారుమనువు చేసుకునే ఆచారం ఉంది. ఆ చట్టంలోని 29వ సెక్షన్ దాన్ని కాదనలేదు. కానీ ఆ ఆచారం మీలో ఎన్నాళ్లనుంచో ఉందని సాక్ష్యాలు పెట్టి నిరూపించుకోవాల్సింది మళ్లీ కోర్టులోనే. ఎటు తిరిగినా కోర్టు గుమ్మమే తొక్కాల్సినప్పుడు ఆ చుట్టుదారి దేనికి? కాబట్టి ఈ రోజుకీ నువ్వు అతని భార్యవే. ఈ మాట చదివి నీ గుండె జారే ఉంటుంది. కాసిని మంచినీళ్లు తాగి మిగతాది చదువు.

నువ్వు పంపింది నాలుగు పేజీల ఉత్తరం. పైన కుదించి వేశాం. అందులో మీ ఆయన గురించి ఆరు వాక్యాలున్నాయి. మాస్టారి గురించి ఓ పది. తక్కినదంతా అన్నయ్యే. అన్నయ్య ఏమంటాడో, అన్నయ్య ఎప్పుడు ఊళ్లో ఉండడో, జీతం పడగానే ఏటీఎం కార్డు అన్నయ్య చేతికివ్వడం, కాగితం అన్నయ్య బీరువాలో ఉండడం, ఆ బీరువా తాళం వదిన కొంగున ఉండడం. కొట్టిన మొగుడి గురించి రాసేటప్పుడు లేని భయం అన్నయ్య గురించి రాసేటప్పుడు ప్రతి లైనులోనూ ఉంది.

నువ్వు పంపిన కాగితం ఫోటో చూశాను. హడావిడిగా తీసినట్టున్నావు, ఓ మూల నీ బొటనవేలు అడ్డొచ్చింది. పెద్దది చేసుకుని రెండుసార్లు చదివాను. ‘ఒకటో పార్టీ’ అని మీ ఆయన పేరు. ‘రెండో పార్టీ’ అని మీ అన్నయ్య పేరు. ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎట్టి హక్కులు, బాధ్యతలు లేవని రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టారు. నీ సంతకం ఎక్కడుందా అని వెతికాను. కింద, సాక్షుల వరుసలో, మూడోది. నీ విడాకులకు నువ్వు సాక్షివా తల్లీ? పీటల మీద కూర్చున్నది నువ్వు, దెబ్బలు తిన్నది నువ్వు. తెంచుకునే చోటికి వచ్చేసరికి పక్కింటావిడలా సాక్షి సంతకం పెట్టి వచ్చావు. అది నీకు ఈనాటికీ వింతగా తోచలేదంటే, నాకు రికార్డు కంటే ఆ సంగతే పెద్దదిగా కనిపిస్తోంది.

మీ అన్నయ్యను చెడ్డవాడనడం లేదు. అర్ధరాత్రి ఆటో మాట్లాడుకుని వచ్చి, కట్టుబట్టలతో ఉన్న నిన్ను తీసుకెళ్లాడని రాశావు. చెల్లెలు ఏడుస్తూ ఫోన్ చేస్తే ‘సర్దుకుపోవే’ అనే అన్నలే నాకు ఎక్కువ తెలుసు. ఆ రుణం ఉంది, కాదనను. కానీ ఎన్ని నెలల జీతం పోస్తే ఆ రుణం తీరుతుందో ఎవరూ నీకు చెప్పలేదు, నువ్వూ అడగలేదు. అతని కోపానికి నాకు తోచిన కారణం ఇది: చెల్లెలి సంసారం పదిమందిలో కూర్చుని తానే తేల్చానని ఇన్నేళ్లుగా తలెత్తుకు తిరుగుతున్నాడు. ఇప్పుడు నువ్వు కోర్టుకెళితే ఆ రోజు చేయించింది చెల్లని పని అని ఆ పదిమందికీ తెలుస్తుంది. అతను పరువంటున్నది దాన్ని. నీ పరువుకు అందులో చోటు లేదు.

ఇంకోటి కూడా ఉంది. అవతలివాళ్లు తిరిగిచ్చిన కట్నం డబ్బు, నీ నగలు ‘భద్రంగా ఉంటాయని’ అన్నయ్య తీసుకున్నాడని రెండో పేజీలో రాశావు. ఆ తర్వాత ఒక వాక్యం మొదలుపెట్టి, పెన్నుతో గట్టిగా కొట్టేశావు. ఉత్తరం మొత్తంలో కొట్టివేత అదొక్కటే. ఏం రాయబోయావో నాకు అర్థమైంది. అవి నీవి. ఎక్కడున్నాయని అడగడం కృతఘ్నత కాదు. అన్నయ్య వాటిని వాడుకుని ఉంటే, ఎప్పటికి తిరిగిస్తాడో ఒక మాట చెప్పించుకో. వాడుకోకపోతే గొడవే లేదు. పనిలో పని, ఆ ఏటీఎం కార్డు కూడా తెచ్చుకో. ఇంటిఖర్చులో నీ వాటా లెక్కగట్టి నెలనెలా వదిన చేతికివ్వు. పిల్లలకు కూడికలు, తీసివేతలు నేర్పేదానివి, ఆ మాత్రం లెక్క నీకు రాదా?

మాస్టారి మీద అలిగావు, అది మాత్రం నాకు నచ్చలేదు. నీ చుట్టూ ఉన్నవాళ్లలో సరైన ప్రశ్న వేసినవాడు ఆయనొక్కడే. డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే విడాకుల తీర్పు కాగితం, లేకుండా ఆయనతో తాళి కట్టించుకుంటే ఆ పెళ్లి చెల్లదు సరికదా, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం. ఆయన ముందుచూపును అనుమానం కింద జమ కట్టకు. నువ్వు కూడా ఆయన భార్య మరణ ధృవీకరణ పత్రం చూపించమని అడుగు. నిన్ను అడిగిన మనిషి, తననడిగితే నొచ్చుకుంటాడేమో చూడు. అది పెళ్లికి ముందే తెలుసుకోవాల్సిన సంగతి.

మీ ఆయన సంగతీ అంతే. నీతో పెళ్లి అలాగే ఉండగా చేసుకున్నాడు కాబట్టి అతని రెండో పెళ్లి చట్టం ముందు పెళ్లే కాదు. ఆ బాబును తలుచుకుని జాలిపడ్డావు. ఆ పసివాడికి ఢోకా లేదు, అలాంటి పెళ్లిలో పుట్టిన పిల్లలను కూడా చట్టం సక్రమ సంతానంగానే చూస్తుంది. అతన్ని బెదిరించమని చెప్పడం లేదు. ఈ విడాకులు నీకెంత అవసరమో అతనికీ అంతే అవసరం, నువ్వేదో దేబిరిస్తున్నట్టు మాట్లాడక్కర్లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం నేను పైన చెప్పింది మారుతుంది. నీకు తెలియకుండా అతనే కేసు వేసి, నువ్వు హాజరు కాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ తెచ్చుకుని ఉంటే అప్పుడు రికార్డు ఉంటుంది. అందుకని ముందు అది చూడు. ఈకోర్ట్స్ సైటులో రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని, కక్షిదారు పేరు, సంవత్సరం కొట్టి వెతకొచ్చు. కేసు ఉంటే 16 అక్షరాల, అంకెల సీఎన్ఆర్ నంబరు, అంటే ఆ కేసు గుర్తింపు నంబరు వస్తుంది. కుటుంబ కేసుల్లో పేర్లు కనిపించకుండా దాచడం కూడా ఉంటుంది కాబట్టి సైటులో లేదని ఊరుకోకు. పెళ్లి జరిగిన ఊరు, చివరిసారి కలిసి కాపురమున్న ఊరు ఏ కోర్టు పరిధిలోకి వస్తాయో అక్కడ ఒక లాయరు చేత విచారింపజెయ్. డిక్రీ ఉంటే కేసు నంబరు, సంవత్సరం వేసి దరఖాస్తు చేసుకుంటే సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. ఇలాంటి విచారణలు మూసిన తలుపుల వెనక జరుగుతాయి, వివరాలు బయట అచ్చువేయకూడదు. కాబట్టి మాస్టారు తనంతట తాను వెళ్లి తెచ్చుకోలేరు, తెచ్చి చూపించాల్సింది నువ్వే. ఇంట్లో కూడా ఒక మాట కనుక్కో: నీ పేరున ఎప్పుడైనా కోర్టు కవరు వచ్చిందా? నువ్వు స్కూల్లో ఉన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు సంతకం పెట్టి తీసుకున్నా నీకు అందినట్టే లెక్క వేసే అవకాశం ఉంది.

ఏమీ లేదని తేలితే కేసు వెయ్యి. మీ జిల్లాలో ఫ్యామిలీ కోర్టు ఉంటే అక్కడ, లేకపోతే సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో. అతనున్న ఊరికి తిరగాల్సిన పని లేదు. భార్య తానుంటున్న చోటే వేసుకోవచ్చని 2003లో చట్టం మార్చారు. అతను ఒప్పుకుంటే పరస్పర అంగీకారం, అంటే హిందూ వివాహ చట్టంలోని 13బి సెక్షన్. ఏడాదికి పైగా విడిగా ఉండాలి, మీరు ఎప్పటినుంచో ఉంటున్నారు. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి మళ్లీ ఇద్దరూ వచ్చి అదే మాట చెప్పాలి. మీలా ఏళ్ల తరబడి విడిగా ఉండి, భరణం వగైరాలు తేలిపోయి, కలిసే ఆశ లేనివాళ్లకు కోర్టు ఆ ఆరు నెలలు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అలా అడగమని లాయరుకు గుర్తుచెయ్. అతను మొండికేస్తే కొట్టడం క్రూరత్వం కిందకి వస్తుంది, ఇంకొకరితో కాపురం ఎటూ ఉంది. అప్పుడు కాలం పడుతుంది, అది ముందే చెబుతున్నాను. భరణం వద్దనుకుంటే నువ్వే వద్దనుకో. నీ తరఫున ఇంకొకరు రాసిచ్చింది నిన్ను కట్టిపడేయదు. డిక్రీ వచ్చాక దాని కాపీ ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఒకరికి వ్యతిరేకంగా వచ్చిన డిక్రీ అయితే అప్పీలు గడువు దాటేదాకా పెళ్లి ముహూర్తం మాటెత్తకండి.

లాయరుకు డబ్బుల్లేవని రాశావు. న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, లేదా 15100కు ఫోన్ చెయ్.

‘అన్నయ్యకు తెలియకుండా’ అన్నావు. అలా వద్దు. దొంగచాటుగా చేస్తే, నువ్వు తప్పు చేస్తున్నావని ముందు నువ్వే ఒప్పుకున్నట్టు. అలాగని అనుమతీ అడగకు. ‘అన్నయ్యా, కేసు వేస్తున్నాను, ఈసారి సంతకం నాది’ అని చెప్పు. అరిస్తే అరవనీ, పదేపదే సంజాయిషీ ఇచ్చుకోకు. ఒకరోజు భోజనం మానేస్తాడేమో. మరునాడు తింటాడు.

పిటిషన్‌తోపాటు పెళ్లి శుభలేఖ, నాలుగు పెళ్లి ఫోటోలు, ఆధార్ కావాలి. ఆ స్టాంపు కాగితమూ కావాలి. అది విడాకులు కాకపోయినా, 2017 నుంచి మీరిద్దరూ విడిగా ఉన్నారనడానికి మంచి ఆధారం. ఆధార్ నీ దగ్గరుంటుంది. శుభలేఖ, ఆల్బమ్, స్టాంపు కాగితం ఎక్కడుంటాయో నీకు చెప్పనక్కర్లేదు. వదినను తాళం అడుగు. పగటిపూటే, అన్నయ్య ఇంట్లో ఉండగానే అడుగు.