మనం పాలపుంత లోపలే ఉంటే, అందులో మన చోటు ఎక్కడో ఎలా తెలిసింది?

ఇలాంటి ప్రశ్నే మా అబ్బాయి 2014 అక్టోబరులో నన్ను అడిగాడు. విశాఖపట్నంలో, మా మేడ మీద, కటిక చీకట్లో. హుద్‌హుద్ తుపాను వచ్చిపోయి మూడు రోజులైంది. కరెంటు లేదు, కుళాయి రాదు, పాల ప్యాకెట్టుకు అడిగినంత ఇచ్చి తెచ్చుకుంటున్నాం. ఇంట్లో ఉక్క భరించలేక చాపలు పట్టుకుని పైకి ఎక్కాం. చంద్రుడు అర్ధరాత్రికి గాని రాడు. ఏడింటికి తల ఎత్తి చూద్దును కదా, నైరుతి నుంచి నడినెత్తి మీదుగా ఈశాన్యం దాకా తెల్లని చార! ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను, ఒక్కనాడూ చూడలేదు. పక్కింటాయన అది మబ్బనుకుని, మళ్ళీ వాన తప్పదంటూ ఆరబెట్టిన పరుపులన్నీ లోపల పెట్టించాడు.

మా అమ్మ మాత్రం చూడగానే "పాలపుంత" అంది. ఆమె పుట్టిల్లు గోదావరి వైపు. అక్కడ పుంత అంటే పొలాల మధ్య బండ్లు నడిచే దారి. పుంతలో ముసలమ్మ అనే గ్రామదేవతకు గుళ్ళు కూడా ఉంటాయి. నేను మాత్రం ఆ మాటను పాఠ్యపుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, అది దారి అని ఎన్నడూ అనుకోలేదు.

"మనం దాని లోపల ఉన్నామంటారు కదా, మరి అది దూరంగా దారిలా ఎందుకు కనిపిస్తోంది?" అన్నాడు మావాడు. నేను బ్యాంకు గుమాస్తాను. గొంతు సవరించుకునే లోపే అమ్మ అందుకుంది: "కొబ్బరితోట నడుమ నిలబడి చుట్టూ చూడరా. మొదళ్ళన్నీ కలిసి గోడ కట్టినట్టుంటాయి. తల ఎత్తితే ఆకాశమే. అంతమాత్రాన నువ్వు తోటలో లేనట్టా?"

నేను ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఇంతకంటే మంచి జవాబు దొరకలేదు. పాలపుంత ఇంచుమించు లక్ష కాంతి సంవత్సరాల (కాంతి ఏడాదిలో వెళ్ళే దూరం ఒక కాంతి సంవత్సరం) వెడల్పున్న పలుచని అట్టు లాంటిది. అట్టు వెంబడి చూస్తే నక్షత్రాలు ఒకదాని వెనక ఒకటి చేరి చారగా కనిపిస్తాయి, పైకో కిందికో చూస్తే పలచబడతాయి.

అయితే తోటలో ఉన్నామని తెలియడం వేరు, ఏ గట్టు దగ్గర ఉన్నామో తెలియడం వేరు. విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1785లో, చెల్లెలు కారోలిన్ సాయంతో, నక్షత్రాలను దిక్కుల వారీగా లెక్కపెట్టి సూర్యుణ్ణి దాదాపు నట్టనడుమ పెట్టాడు. పాపం, ఆయన తప్పు లేదు. అరకు పొగమంచులో నిలబడితే అన్ని వైపులా పది గజాలే కనిపిస్తుంది, ఎవరికి వారే మధ్యలో ఉన్నట్టు ఉంటుంది. నక్షత్రాల మధ్య ఉన్న ధూళి ఆయనకు అదే పని చేసింది. 1918లో హార్లో షాప్లే అనే మరో ఖగోళ శాస్త్రవేత్త అట్టును వదిలి, దానికి పైనా కిందా చెదిరి ఉండే గోళాకార నక్షత్ర గుచ్ఛాలను, అంటే బంతిలా ముద్దకట్టిన నక్షత్రాల గుంపులను చూశాడు. అవి ధనుస్సు రాశి వైపే గుంపుగా ఉన్నాయి. పెళ్ళిలో జనమంతా ఒక పక్కకే మూగితే వధూవరులు ఎటు ఉన్నారో వేరే అడగాలా? పాలపుంత కేంద్రం దూరాన్ని బాగా ఎక్కువగా లెక్కేశాడు గాని దిక్కు మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు. కేంద్రం మనకు ఇంచుమించు 26 వేల కాంతి సంవత్సరాల దూరం. అంటే నడుమకూ అంచుకూ మధ్య సగం దారిలో, అట్టులో సుడి తిరిగిన నక్షత్రాల పాయల్లో ఓరియన్ భుజం అనే చిన్న పాయలో మన కాపురం. సూర్యుడు సెకనుకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నా ఒక చుట్టుకు 23 కోట్ల ఏళ్ళు పడుతుంది. కిందటి చుట్టులో ఇక్కడికి వచ్చేసరికి భూమ్మీద డైనోసార్లు అప్పుడప్పుడే తలెత్తుతున్నాయి.

బాణం గుర్తు వేసి "మీరు ఇక్కడ ఉన్నారు" అని ఫోన్లలో తిరిగే ఆ సుడిబొమ్మను మాత్రం ఫోటో అనకండి. బయటికి వెళ్ళి ఫోటో తీసినవాడు ఇంతవరకూ పుట్టలేదు. అది లెక్కల్ని బట్టి గీసిన బొమ్మ.

ఇంకొకటి కూడా తిరుగుతోంది: పాలపుంత కేంద్రం మూలా నక్షత్రం వైపు ఉంది కాబట్టి మన ఋషులకు అంతా ముందే తెలుసట. ఆ వైపు ఉన్న మాట నిజమే. తక్కినది కాకతాళీయం. అంత గొప్ప నక్షత్రమైతే మా చెల్లెలికి రెండు సంబంధాలు ఎందుకు తప్పిపోయాయి? "మూల పిల్ల మామగారికి చేటు" అని తప్పించుకున్న పెద్దమనిషే మొన్న నాకు ఆ ఋషుల సందేశం పంపాడు. జవాబు రాయలేదు, రాస్తే చుట్టరికం పోతుంది.

మీకూ చూడాలనుంటే తుపాను కోసం ఎదురుచూడకండి. మే చివరలోనో జూన్ మొదట్లోనో అమావాస్య దగ్గర చూసుకుని, ఊరి దీపాలకు దూరంగా, రాత్రి పదకొండు దాటాక దక్షిణానికి తిరిగి నిలబడండి. తేలు ఆకారం పోల్చుకుని దాని తోక కొసను పట్టుకోండి. అక్కడి నుంచి పైకి, కాస్త ఎడమకు, చాచిన చేతి పిడికిలంత దూరం కూడా ఉండదు కేంద్రం. ధూళి అడ్డం కాబట్టి కేంద్రం కనిపించదు, దాని చుట్టూ చార చిక్కబడటం కనిపిస్తుంది. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అరగంట ఆగాలి. ఆ అరగంటా ఫోను జేబులోంచి తీయకండి.