గద్ద ఫోటో మసగ్గా ఎందుకొస్తోంది?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. సెలవు దొరికితే దూరపు పిట్టల్ని దగ్గరగా చూపే 150-600 ఎంఎం జూమ్ లెన్సు వేసుకుని శెనక్కాయ చేలెంబడి గద్దల కోసం తిరుగుతా. ఎగిరేది తీస్తే నల్ల మచ్చ, కూర్చున్నది తీస్తే మసక. లెన్సుకీ కెమెరాకీ మధ్య తగిలించి పిట్టని 1.4 రెట్లు పెద్దగా చూపే కన్వర్టర్ కొనమంటున్నారు ఫ్రెండ్స్. కొనాల్నా?

జవాబు: ఇప్పుడే వద్దు తమ్ముడూ. నీ లెన్సు పూర్తిగా జూమ్ చేస్తే, 600 దగ్గర ఎఫ్ 6.3 (ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుగు తగ్గుతుంది), కన్వర్టర్ తగిలిస్తే ఎఫ్ 9 అయిపోతుంది, వెలుగు సగానికి పడిపోతుంది, ఫోకస్ తడుముకుంటుంది, మసక మాత్రం అట్లే ఉంటుంది, పైగా ఇంకా పెద్దగా కనపడుతుంది. నువ్వు పంపిన ఫోటోల టైం చూశా, అన్నీ పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య తీసినవే. మన సీమలో ఆ పాటికి నేల పెనంలా కాలుతుంటుంది, దాని మీంచి వేడిగాలి అలలు అలలుగా లేస్తుంటుంది, అందులోంచి వంద మీటర్ల అవతల పిట్టని ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా ఈకలు కరిగిపోయినట్టే వస్తాయి. నేను కూడా ఇది తెలియక లెన్సు పాడైందనుకుని సర్వీసుకిచ్చా, ఏ లోపం లేదని తిరిగిచ్చేశారు. అప్పట్నుంచి తెల్లారేసరికి చేలో ఉంటా, తొమ్మిదికల్లా కెమెరా సంచిలోకి, మళ్లీ సాయంత్రం నాలుగున్నర దాటాకే బయటికి. కారులోంచి తీసేటట్టయితే ఇంజనూ ఏసీ ఆపి, అద్దం దించి కాసేపు ఊరికే కూర్చో, బానెట్ వేడి కూడా ఫోటోని చెడగొడుతుంది.

నల్ల మచ్చ సంగతి వేరే. వెనకాల తెల్లటి ఆకాశం ఉంటే కెమెరా ఆ వెలుగు చూసి మొత్తాన్ని చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగు) ప్లస్ 1 నుంచి ఒకటిన్నర దాకా పెట్టు, ఆకాశం తెల్లబోయినా పర్లేదు, రెక్క కింద గీతలు కనపడాలి. ఎగిరేదానికి షట్టర్ సెకనులో 1/2000 వంతు, ఐఎస్ఓ (వెలుగుని పట్టే సున్నితత్వం) ఆటో, ఫోకస్ కంటిన్యువస్ (కదిలే పిట్టని వెంటాడేది). నువ్వు 1/500లో తీస్తున్నావు, రెక్కలు చెదిరిపోయేది అందుకే.

నువ్వు మొదలుపెట్టాల్సింది అడవి రామదాసు అనే చిన్న గద్దతో. పావురమంత ఉంటుంది, తెల్లటి ఒళ్లు, భుజాన నల్ల మచ్చ, కళ్లు మాత్రం నిప్పుకణికల్లా ఎర్రగా. కరెంటు తీగ మీద కూర్చుని తోక పైకీ కిందికీ ఆడిస్తుంటుంది, ఎలక కోసం చేను మీద గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడిపోతుంది, నీకు ఫోకస్ దొరికేది అప్పుడే. గాలికి ఎదురుగానే నిలబడుతుంది కాబట్టి గాలీ ఎండా రెండూ నీ వీపు వైపు నుంచి వచ్చేచోట కూర్చుంటే మొహం నీకేసే ఉంటుంది. వెనక ఎర్రనేలో గుట్టో ఉంటే ఈ తెల్ల పిట్టకి మాత్రం కాంపెన్సేషన్ మైనస్ 0.7 పెట్టు, లేకపోతే రొమ్ము తెల్లబోయి ఈక ఒక్కటీ కనపడదు. దాని దగ్గరికి నేరుగా నడిచిపోవద్దు, పోయావంటే ఎగిరిపోయి రెండు స్తంభాల అవతల కూర్చుంటుంది. అది రోజూ వాలే స్తంభం కనిపెట్టి ముందే పోయి గట్టు చాటున కూర్చో, నాలుగైదు పొద్దులు వట్టి చేతులతో రావాల్సొచ్చినా సరే.

చలికాలంలో వీలైతే రోళ్లపాడు పో. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. బట్టమేక పిట్ట కోసం 1988లో పెట్టిన అభయారణ్యం అది. మధ్య ఆసియా నుంచి వచ్చే పిల్లిగద్దలు పొద్దుగూకే వేళ గడ్డి మీద తక్కువ ఎత్తులో తేలుకుంటూ వచ్చి అక్కడే నేల మీద పడుకుంటాయి. అటవీశాఖ వాళ్లని అడిగి, దారి మీదే ఉండి తియ్యి, గడ్డిలోకి దిగితే రాత్రి నిద్రకొచ్చినవన్నీ లేచిపోతాయి.

ప్రశ్న: సార్, కడపలో మా వీధి టవర్ మీద గద్ద గూడు పెట్టింది. డ్రోన్‌తో పిల్లల్ని తీయొచ్చా?

జవాబు: వద్దు నాయనా. డ్రోన్‌ని చూసి తల్లి లేచిపోతే మన కడప ఎండకి నీడ లేక పిల్లలు చచ్చిపోతాయి, పక్కనే కాకులు కాచుకుని ఉంటాయి. తల్లి తిరగబడిందనుకో, డ్రోన్ ఫ్యాన్ తగిలి రెక్క తెగుద్ది. వేటాడే పక్షుల్ని ఇట్లా ఇబ్బంది పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కిందికి కూడా వస్తుంది. మీ డాబా మీంచి, కాస్త దూరంగా, నీడలో కూర్చుని తల్లి తిండి తెచ్చే వేళలు నాలుగు రోజులు రాసుకో. ఆ వేళకి కెమెరా పట్టుకో, కాళ్లల్లో ఎలకతో దిగే ఫోటో నీకు డాబా మీంచే దొరుకుతుంది.