కింద లావా సముద్రం లేదు

ప్రశ్న: మా అమ్మాయి సైన్సు పుస్తకంలో భూమిని కోసి చూపించిన బొమ్మ ఉంది. పైన సన్నటి పొర, దాని కింద అంతా ఎర్రగా సలసల కాగుతున్నట్టు వేశారు. కరిగిన రాతి మీద ఖండాలు తేలుతుంటే మునిగిపోవేం? అయినా ఎవరూ దిగి చూడని లోపలి సంగతి ఎలా తెలిసింది? – ఒక పాఠకురాలు

జవాబు: ఆ ఎరుపు రంగుతో నాకు పాత పేచీ ఉందమ్మా. జియాలజీ పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లల బుర్రల్లోంచి ఆ రంగు కడగడంతోనే ప్రతి ఏడూ మొదలయ్యేది. భూపటలం, అంటే ఆ బొమ్మలోని పైనున్న సన్నటి పొర, దాని కింద నుంచి దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వరకూ ఉండే భూప్రావారం ఇంచుమించు అంతా గట్టి రాయే. విపరీతమైన వేడి ఉన్నమాట నిజం. కానీ పైనున్న బరువు కలిగించే ఒత్తిడి దాన్ని కరగనివ్వదు. ఒత్తిడి తగ్గినచోటో, నీరు చేరినచోటో కాస్త కరుగుతుంది. అగ్నిపర్వతాలకు అందేది ఆ కాస్తే.

మరి గట్టి రాయి కదులుతుందా? హిమానీనదాన్ని తలుచుకోండి. సుత్తితో కొడితే పగిలే మంచే, ఏళ్ల తరబడి లోయలోకి పారుతూ వస్తుంది. ప్రావారం తీరూ అదే, నడక ఇంకా నెమ్మది. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు.

దిగి చూడలేదన్నది నిజమే. రష్యాలోని కోలా దగ్గర తవ్విన బోరు 1989లో 12,262 మీటర్లకు చేరింది. భూమి కేంద్రం 6,371 కిలోమీటర్ల దూరాన ఉంటే, అది పటలాన్ని కూడా దాటలేదు. లోపలి కబురు తెచ్చినవి భూకంప తరంగాలు. 1909లో క్రొయేషియాలోని జాగ్రెబ్ దగ్గర వచ్చిన భూకంపం రికార్డుల్లో ఒకే కుదుపు తాలూకు తరంగాలు రెండు విడతలుగా కనిపించాయి. కింద మరింత సాంద్రమైన రాయి ఉందని, అందులోంచి వచ్చినవి ముందు చేరాయని అక్కడి శాస్త్రవేత్త మొహొరోవిచిచ్ పసిగట్టాడు. పటలానికి అడుగు అక్కడే. ఇక అడ్డంగా ఊగే ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు. అవి ప్రావారంలో హాయిగా సాగిపోతాయి, ప్రావారం కిందుండే బాహ్య కేంద్రం (ఔటర్ కోర్) దగ్గర ఆగిపోతాయి. అంటే ద్రవం ఉన్నది అక్కడ, అదీ కరిగిన ఇనుము. దాని నడుమ వేరే గుండు ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్ తేల్చింది. అది గట్టిదని తర్వాత తెలిసింది. నాకు వీళ్లందరిలోకీ లేమన్ అంటే ఎక్కువ గౌరవం. అంత దూరపు సంగతిని కాగితం మీది సన్నని గీతల్లోంచి లాగింది!

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఖండాలూ సముద్రపు అడుగూ పెద్ద పెద్ద ఫలకాల (ప్లేట్ల) మీద భాగాలు. ఫలకం అంటే పటలం ఒక్కటే కాదు, దానికి అంటుకున్న ప్రావారపు పైభాగంతో కలిపి దాదాపు 100 కిలోమీటర్ల మందం. ఖండాల రాయి తేలిక కాబట్టి మునగదు. సముద్రపు అడుగు మాత్రం మునుగుతుంది! మహాసముద్రాల నడుమ కొత్తగా పుట్టి, దూరం జరిగేకొద్దీ చల్లారి బరువెక్కి, సముద్రంలోని లోతైన అగాధాల దగ్గర ప్రావారం లోపలికి దిగిపోతుంది. దిగుతూ వెనకున్న ఫలకాన్ని కూడా లాగుతుంది. ఫలకాల్ని నడిపించే బలాల్లో పెద్దది ఇదే. అందుకే ఖండాల మీద 400 కోట్ల ఏళ్ల రాళ్లు దొరుకుతున్నా, మహాసముద్రాల అడుగున చాలావరకు 20 కోట్ల ఏళ్ల లోపువే.

రెండు ఖండాలు ఎదురుపడితే ఏదీ తేలిగ్గా లొంగదు. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత ఫలకం యురేషియాను ఢీకొంది. నడుమ నలిగి లేచినవి హిమాలయాలు. టిబెట్ కింద పటలం 70 కిలోమీటర్ల దాకా మందమెక్కింది. ఆ తోపులాట ఇంకా ఆగలేదు. 2015 ఏప్రిల్‌లో నేపాల్‌ను కుదిపేసిన 7.8 తీవ్రత భూకంపం దాని ఫలితమే.