కథల పుస్తకాలు దాచేయమంటారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది. ఎండకు ఎలాగూ బయటికి వెళ్లలేం కాబట్టి ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: టీచరమ్మగారికి వందనాలు. మేము మల్కాజిగిరిలో ఉంటాం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి పరీక్షలు రాసింది. సెలవులిచ్చిన దగ్గర్నుంచి కథల పుస్తకం పట్టుకుంటే వదలడం లేదు. దెయ్యాల కథలు, డిటెక్టివ్ కథలు, ఏది దొరికితే అది. బైబిలు మాత్రం నేను గుర్తు చేస్తేనే తెరుస్తుంది. “ఆ గంటలన్నీ దేవుడికిస్తే ఎంత ఆశీర్వాదం!” అని మా అత్తగారు రోజూ అంటారు. లోకసంబంధమైన పుస్తకాలు ఇంట్లో ఉంచొద్దని సంఘంలో పెద్దలు కూడా అంటున్నారు. పుస్తకాలు దాచేయమంటారా?
– ఒక తల్లి

జవాబు: దాచకండమ్మా. రిటైరయ్యేదాకా బడిలో తెలుగు చెప్పినదాన్ని. పెద్దవాళ్లు బీరువా మీద పెట్టిన పుస్తకాన్నే పిల్లలు ముందు చదువుతారు, అదీ దుప్పటి కప్పుకుని, ఫోన్ లైటు వేసుకుని. కళ్లు పాడవుతాయే తప్ప భక్తి పెరగదు.

బైబిలు తప్ప మిగతావన్నీ లోకపు పుస్తకాలే అనేవాళ్లు ఒకసారి జాషువాగారిని గుర్తు తెచ్చుకోవాలి. యేసుప్రభువు జీవితాన్ని పద్యాల్లో చెప్పిన ‘క్రీస్తు చరిత్ర’కు ఆయనకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ పద్యం నడక ఆయనకు ప్రార్థన కూడికల్లో పట్టుబడింది కాదు. పాత కావ్యాలు చదివి చదివి వచ్చింది. అంతకుముందు పారశీక కవి ఫిరదౌసి మీదా, గబ్బిలం మీదా కావ్యాలు రాసిన చేత్తోనే ఇదీ రాశారు. చిన్నప్పుడు ఆయన చేతిలో పుస్తకాలు ఎవరైనా లాగేసుకుని ఉంటే మనకేం మిగిలేది?

అంతకన్నా పెద్ద సాక్ష్యం సువార్తల్లోనే ఉంది. “నా పొరుగువాడెవడు?” అని ధర్మశాస్త్రం తెలిసినాయన అడిగితే యేసుప్రభువు కథ చెప్పాడు. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి, దొంగలు, కొనప్రాణంతో పడి ఉన్న మనిషి, చూసీ పక్కనుంచి వెళ్లిపోయిన యాజకుడు. డిటెక్టివ్ కథకు కావలసిన సరుకంతా అందులో ఉంది. ఎవరు ఏం చేశారు, ఎందుకు చేశారు అని ఆలోచించడం అలవాటైన పిల్లకు ‘ఆ యాజకుడు ఎందుకు ఆగలేదు?’ అనే సందేహం తప్పకుండా వస్తుంది. మీ పాస్టరుగారిని అడగనివ్వండి. ఆయనకూ సరదాగా ఉంటుంది.

దెయ్యాల కథల సంగతి వేరు. రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్లడానికి మిమ్మల్ని లేపుతోందంటే కొన్నాళ్లు ఆపించండి. లేదంటే అన్నం తినేటప్పుడు ఆ కథ చెప్పమనండి. పెరుగన్నం కలుపుకుంటూ చెబితే ఏ దెయ్యమూ నిలబడదు.

ఇక బైబిలు. రోజుకో వాక్యం చీటీ చేతిలో పెట్టడం వల్ల పిల్లలకు అది మాత్రలు మింగినట్టు ఉంటుంది. మార్కు సువార్త తీసివ్వండి. నాలుగింటిలో అదే చిన్నది, 16 అధ్యాయాలు. ఒక మధ్యాహ్నం కూలర్ ముందు కూర్చుంటే రెండు గంటల్లోపే అయిపోతుంది. కథల పుస్తకం చదివినట్టే మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిన చదవమనండి. మధ్యలో ప్రశ్నలడక్కండి. విడిగా చిన్న పుస్తకంగా అచ్చేసిన సువార్త దొరికితే ఇంకా మంచిది. లావుపాటి నల్ల అట్ట పుస్తకం చూస్తేనే కొందరు పిల్లలకు నీరసం.

మీ అత్తగారికి కూడా ఒక పని ఉంది. మీ అమ్మాయి ఇంగ్లీషు మీడియమే అయి ఉంటుంది, తెలుగు కూడబలుక్కుంటూ చదువుతుంది, అవునా? ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ మీ ఇంట్లో ఉండే ఉంటుంది. పురుషోత్తమ చౌదరిగారి లాంటివాళ్లు 19వ శతాబ్దంలో రాసిన పాటలున్నాయి అందులో. పాట పైన రాగం, తాళం కూడా అచ్చు వేసి ఉంటాయి. సాయంత్రం మనవరాలు ఒక చరణం చదవాలి, నానమ్మ వరస చెప్పాలి. పుస్తకం చూడకుండా పాడే నానమ్మల గొంతులో వరసలు మనం అచ్చులో పట్టుకోలేదు. ఫోన్‌లో రికార్డు చేసుకోమనండి. ఆ అరగంట అత్తగారి సణుగుడు కూడా తగ్గుతుంది (ఈ వాక్యం ఆవిడకు చదివి వినిపించకండి).

పుస్తకాలు ఎక్కడ కొనాలో మీరు అడగలేదు గానీ చెబుతాను. ఆదివారం ఆరాధన అయ్యాక అబిడ్స్ వెళ్లండి. షాపులు మూసి ఉంటాయి కాబట్టి షట్టర్ల ముందే పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు. అమ్మాయి చేతికి కొంచెం డబ్బిచ్చి ఎంచుకోనివ్వండి, బేరం కూడా తననే ఆడమనండి. పేజీలు ఊడిపోయాయేమో, చివరి పేజీ ఉందో లేదో చూసుకోమని చెప్పండి. డిటెక్టివ్ కథకు ఆ ఒక్క పేజీ లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. చిక్కడపల్లి లైబ్రరీకి కూడా వెళ్లొచ్చు, కాకపోతే అక్కడ గ్రూప్స్‌కి చదివే పిల్లలతో కుర్చీ దొరకడమే కష్టం. ఒక రోజు వీలు చేసుకుని సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం చూపించండి. నిజాం ఏలుబడిలో ఉర్దూదే పెత్తనంగా ఉన్నప్పుడు, 1901లో, తెలుగు చదువుకోవడానికి ఒక చోటుండాలని పెట్టుకున్న గ్రంథాలయం అది. ఆ సంగతి తెలిస్తే తెలుగు పుస్తకం చదవమని మీరు వేరే బతిమాలక్కర్లేదేమో.

ప్రశ్న: నాకు క్రోషా అల్లడం ఇష్టం. మా అమ్మ నేర్పింది. ఆదివారం మధ్యాహ్నం కూడా అల్లుతుంటే, విశ్రాంతి దినాన పనేమిటని స్త్రీల సమాజంలో ఒకావిడ అడిగారు. “బల్ల గుడ్డ మీద సిలువ అల్లితే పరవాలేదు, ఊరికే పూలెందుకు?” అన్నారు కూడా. మనసు చివుక్కుమంది.
– ఒక సోదరి, ఈసీఐఎల్

జవాబు: అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం ఆవిడకు చూపించండి. యొప్పేలో దొర్కా చనిపోతే విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించినవి ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు. వాటి మీద ఏ బొమ్మ ఉందో లూకా రాయలేదు. వేసుకున్నవాళ్లకు చలి ఆగింది, అంతే. పూలు చేసినవాడు దేవుడే కదా, వాటిని అల్లితే ఆయనకేం అభ్యంతరం?

ఆదివారం గురించి నా లెక్క ఇది. సోమవారానికి ఇవ్వాల్సిన ఆర్డరై, చేతులు నొప్పి పుడుతున్నా అల్లుతుంటే అది పని, పక్కన పెట్టండి. ఊరికే కూర్చుని అల్లుతుంటే మనసు కుదుటపడుతోందంటే అంతకన్నా విశ్రాంతి ఏముంది?

ఈ అల్లిక మన తెలుగు నేలకు మిషనరీల వెంటే వచ్చింది. నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్లకు వాళ్లు నేర్పిన లేసుకే 2024లో, ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకని చెప్పే జీఐ గుర్తింపు దక్కింది. కానీ అక్కడ గడపలో కూర్చుని అల్లే చాలామందికి అది కూడు పెట్టే పని. మధ్యవర్తి దారం ఇచ్చి, ముక్కకింత అని లెక్కగట్టి ఇస్తాడు. మీ అల్లిక హాబీ కావడం ఒక అదృష్టమే. ఎగ్జిబిషన్‌లో అలాంటి లేసు కనబడితే ఆ ఒక్క చోట బేరం ఆడకండి.

మేలో చెమటకు దారం సూదికి అతుక్కుంటుంది, తెల్ల దారమైతే మురికి కూడా పడుతుంది. వేళ్లకు కొంచెం పౌడర్ రాసుకోండి. ఉండ ఫ్యాను గాలికి దొర్లిపోకుండా స్టీలు చెంబులో వేసుకుని అల్లండి.

ప్రశ్న: నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పొద్దున ప్రార్థనకు టైమ్ కుదరక, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ఇయర్‌ఫోన్స్‌తో వాక్యం వింటున్నాను. దేవుణ్ణి మోసం చేస్తున్నట్టు టెన్షన్‌గా ఉంటుంది. ఆఫీసులో నా విశ్వాసం తెలియాలంటే టేబుల్ మీద వాక్యం పెట్టుకోవాలా?
– ఒక చెల్లి

జవాబు: మోసం ఏమీ లేదు తల్లీ. నిలబడి వింటే దేవుడికి వినపడదా?

అయితే రోజూ ఎక్కడపడితే అక్కడ మొదలుపెట్టకు. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి. తేదీ ఎంతైతే అన్నో అధ్యాయం విను. సికింద్రాబాద్ రాకముందే అయిపోతుంది. అమీర్‌పేట దాటేదాకా కళ్లు మూసుకుని ఊరికే ఉండు. తర్వాత నవల తీసుకుంటావో, పాటలు వింటావో నీ ఇష్టం. దానికి మళ్లీ టెన్షన్ పడకు.

టేబుల్ మీద వాక్యం పెట్టుకుంటే పెట్టుకో, తప్పులేదు. కానీ నీ పక్క సీటువాళ్లు చూసేది దాన్ని కాదు. బగ్ వస్తే కొత్తగా చేరిన అమ్మాయి మీదకు తోస్తున్నావా, గ్లాసులు తీసుకెళ్లే హౌస్‌కీపింగ్ ఆవిడను పేరు పెట్టి పిలుస్తున్నావా అన్నది చూస్తారు. 11వ తేదీన దొంగ త్రాసు దేవుడికి అసహ్యమనే వాక్యంతోనే అధ్యాయం మొదలవుతుంది. మీ ఆఫీసుల్లో ఆ త్రాసు టైమ్‌షీటే అనుకుంటాను. ఆరు గంటలు చేసి తొమ్మిది రాయడం మామూలేనని మా అబ్బాయి అంటాడు. వాడు దాన్ని శుక్రవారం సాయంత్రం నింపుతాడు. నువ్వూ శుక్రవారమే నింపేటట్టయితే, తేదీ ఏదైనా సరే, ఆ రోజు 11వ అధ్యాయమే విను.