పాత పికప్ కొనే ముందు ఛాసిస్ తుప్పు ఇలా చూడండి

బండి కింద ఛాసిస్‌కి, అంటే బరువంతా మోసే ఇనుప చట్రానికి, నల్లగా కొత్త పూత వేసి ఉంది, లోపల తుప్పు ఉందో లేదో ఎలా తెలుస్తుంది అని అడిగారు కదా. ముందు ఆ కొత్త పూతనే అనుమానించండి, అమ్మే ముందు తుప్పు మీద పూసేసినా పైకి బాగానే కనిపిస్తుంది. అమ్మేవాళ్ళకి చెప్పి టార్చ్, చిన్న సుత్తి, స్క్రూడ్రైవర్ పట్టుకుని కిందకి దూరండి. వెనక యాక్సిల్ మీదుగా ఛాసిస్ వంపు తిరిగే చోటు, లీఫ్ స్ప్రింగులు బిగించే బ్రాకెట్లు, స్టెప్నీ వేలాడే చోటు బాగా చూడాలి, బురద నిలిచేది అక్కడే. మెల్లగా సుత్తితో తడుతూ వెళ్ళండి, గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట మొద్దుగా దబ్‌మంటుంది. పొరలు పొరలుగా రాలుతుంటే స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. మొన దిగిందా, ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు. పైపైన ఎర్రగా ఉండి, గీకితే మెరిసే ఇనుము కనిపిస్తే టెన్షన్ అక్కర్లేదు. నాలుగు వైపులా మూసి ఉన్న ఛాసిస్ అయితే లోపలి నుంచే తినేస్తుంది, పైకి తెలియదు, అందుకే పక్కనున్న రంధ్రాల దగ్గర టార్చ్ వేసి ఫోన్‌తో వీడియో తీసి చూడండి. బ్రేక్ పైపులు, అతుకు వేసిన వెల్డింగులు కూడా వదలకండి.